రెండో నంబరు గుంట

ఊటుకూరు కట్ట మీద
రాత్రి రెండుంబావు.
రొయ్యలు పైకొచ్చి అంచెమ్మట ఈదతా ఉండాయి.
టార్చి వేస్తే కళ్ళు, ఎర్రటి నిప్పురవ్వలు,
వేలకు వేలు,
అన్నీ నన్నే ఏదో అడగతా ఉన్నట్టు.

డెబ్బై నాలుగో రోజు పంట.
కౌలు నాది, మేత బాకీ నాది,
గుంట మాత్రం నాది కాదు.

ఫొటో తీసి గ్రూపులో పెట్టా.
నాలుగొందల పన్నెండు మంది.
"ఏం చెయ్యాల? ఎవరికన్నా తెలిస్తే చెప్పండి."

ఒకాయన దణ్ణం బొమ్మ పెట్టాడు.
ఒకాయన "మాకూ అంతే" అన్నాడు, యాడో చెప్పలా.
మందుల కొట్టాయన నిద్రలోంచే
డబ్బా బొమ్మ, దాని కింద ధర, ధర కింద నంబరు.
ఇంకెవరో రేపటి శుభోదయం ఇప్పుడే పంపించాడు,
మందార పువ్వుతో సహా.

సంతలో నిలబడి "ఒరే" అని కేకేస్తే
అందరూ తిరిగి చూస్తారు, ఒక్కడూ రాడు.
పేరు పెట్టి పిలవాల.

పేర్లన్నీ వేలితో పైకి తోస్తా పోయా.
రోజూ మాట్లాడే పేర్లు ఎదురొచ్చి ఎదురొచ్చి అయిపోయాయి.
అట్టడుగున మస్తానమ్మ.
ఇరవై ఏళ్ళు చెక్ ట్రేలు ఎత్తిన చెయ్యి.
గ్రూపులో చేరాక ఒక్కసారే నోరు తెరిచింది,
తొమ్మిది సెకన్లు,
అదీ ఎవరి మోటారో కాలిపోతుంటే.

సున్నా చుట్టుకున్న ఆ గుర్తేసి
పక్కన ఆమె పేరు పెట్టి అడిగా.
రెండు గీతలు పడ్డాయి. నీలం కాలా.
కట్ట మీద అటొకసారి ఇటొకసారి నడిచా.
మూడోసారి తిరిగేసరికి ఫోను గుర్రుమంది.

జవాబు కాదు, ప్రశ్న.
"అడుగు మట్టి పిడికెడు తియ్యి.
వాసన చూడు. ఏమొస్తుంది?"

దిగా. తీశా.
నల్లగా, కాటుకలా, వేళ్ళ సందుల్లోంచి జారతా ఉంది.
కుళ్ళిన కోడిగుడ్డు.
చెప్పా.

తర్వాతి మెసేజీలో కాసేపు ఊపిరే వినిపించింది.
"చూసి పట్టుకోటం తెలుసు గానీ అబ్బయ్యా,
గట్టెక్కించటం తెలవదు నాకు.
తెలిసినట్టు చెప్తే నీ గుంట పోద్ది.
అది తెలిసినాయన వేరే ఉండాడు."

ఒక కార్డు వచ్చింది.
ఆమె ఫోనులో ఎట్టా రాసుకుందో అట్టాగే:
"ఖాజావలి మూడు పంటలు."

తీసినాయన అనుకున్నా.
పోగొట్టుకున్నాయన.

ఒక్క రింగుకే ఎత్తాడు.
ఆ వేళప్పుడు ఒక్క రింగుకే ఎత్తేవాడు
ఎప్పట్నించి నిద్రపోలేదో.
"మేత ఆపు. ఏరేటర్లన్నీ వెయ్యి.
అడుగు కెలకబాక. మందూ మాకూ చల్లబాక.
కొత్త నీళ్ళు తడవకి జానెడే.
పోయినవి లెక్కపెట్టబాక, దానికి పగలుండాది."

నాలుగో ఏరేటరు బెల్టు తెగి ఎప్పుడో ఆగిపోయుంది.
ఆ సంగతి నేనెవర్నీ అడగలా.
అడక్కుండానే తెలియాల్సింది అదొక్కటే.

సముద్రం వైపు ఆకాశం
చేప పొట్ట రంగుకి తిరిగేసరికి
సగం మిగిలాయి.
సగం కంటే తక్కువే.
సగం అని చెప్పుకుంటా.

మొన్న రాత్రి వానలో ఫోను.
చినగంజాం కుర్రాడు, గొంతు వణకతా ఉంది.
నా నంబరు యాడిదిరా అంటే
కార్డు తీసి నాకే పంపించాడు.
మస్తానమ్మ రాసుకున్న పేరు:
"చెంగయ్య రెండో గుంట."

బిరుదో తిట్టో తేలక
ఆ అక్షరాల్నే చూస్తా కూర్చున్నా.
"అన్నా, లైన్లో ఉన్నావా?"

"ఉండా," అన్నా.
"ఎన్ని ఏరేటర్లు తిరగతా ఉండాయో
ముందు అది చూసి చెప్పు."