ఎనిమిది మిల్లీమీటర్లు

పీణ్యా రెండో స్టేజీ, రేకుల షెడ్డు.
నా లేతు మీద పొద్దంతా పంపుసెట్ల బుషులు,
ఒకటే కొలత, రోజుకు మూడొందల అరవై.
బుషు మాట్లాడదు, నేనూ మాట్లాడను.
అందరూ మూగోడంటారు.
మూగవాణ్ణి కాను. నత్తి.

దీపావళి వెళ్ళిన వారానికి చైత్ర వచ్చింది.
పాలిటెక్నిక్ రెండో ఏడు,
సంచిలో మూరెడు గ్రాఫైట్ కడ్డీ.
"అణ్ణా, రాకెట్‌కి నాజిల్ కావాలి."
మేస్త్రీ నవ్వాడు:
పండగైపోయింది కదమ్మా, ఇంకా తారాజువ్వలేంటి?
ఆ పిల్ల నవ్వలేదు. కాగితం మడత విప్పింది.
పైన వెడల్పు, కింద వెడల్పు,
నడుము చిక్కిన డమరుకం.
ఆ చిక్కిన చోట పెన్సిలుతో రాసుంది:
గొంతు, ఎనిమిది మి.మీ.

నా వేలు ఆ మాట మీదే ఆగిపోయింది.
"ఇంత స... స... సన్నగానా?"
"సన్నగా ఉంటేనే అణ్ణా.
లోపలున్నదంతా తోసుకొచ్చి అక్కడ ఇరుక్కుంటేనే
బయటికి ఆ ఊపు."
నలభై ఒక్క ఏళ్ళొచ్చాయి,
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఓటీ అయ్యాక రాత్రుళ్ళు కూర్చున్నాను.
ఇనుమైతే ఉంగరాలు ఉంగరాలుగా రాలుతుంది,
ఇది కాటుకలా రాలింది:
ముక్కులో, కనుబొమల్లో, టిఫిన్ డబ్బా మూత మీద.
మొదటిది పగిలింది.
రెండోదాన్ని టూలు ఓ వెంట్రుక ఎక్కువ తినేసింది.
మూడోదానికి
వెర్నియరు ఇంకేమీ అనలేదు.

మిగతాదంతా చిక్‌పేట సామానే.
చీరలకొట్టు వాడు పారేసిన అట్టగొట్టం ఒళ్ళు,
చినిగిన గొడుగు గుడ్డ పారాచూటు.
కిరాణా తక్కెడలో తూస్తే ఆరొందల యాభై గ్రాములు.
"కందిపప్పు కన్నా నయమే" అన్నాడు మునివెంకటప్ప.
టెంపో ఆయనది.
తావరెకెరె దాటాక, రాగి కోసేసిన చేను
ఆయన బామ్మర్దిది.

ఫిబ్రవరి ఆదివారం.
మోళ్ళు చెప్పుల్లోకి గుచ్చుకుంటున్నాయి.
కడ్డీ పాతి, తీగ పరిచి,
దూరంగా టెంపో వెనక నక్కాం.
లెక్క ఎవరు పెట్టాలి?
"గొంతు చేసినోడే పెట్టాల,"
మునివెంకటప్పది పరాచికమో ప్రేమో తెలీదు.

పది. తొమ్మిది. ఎనిమిది.
నూనె రాసినట్టు జారాయి.
ఏడు. ఆరు. అయిదు.
నా...
నా...
చైత్ర బొటనవేలు మీట మీద.
బామ్మర్ది కొడుకు నవ్వు మింగడం వినబడింది.
ఒక కొంగ నింపాదిగా చేను దాటిపోయింది.
నా...
టీకొట్టు దగ్గర, బస్సులో, పెళ్ళిచూపుల్లో
నా నోట్లో మాట లాక్కుని
తానే పూర్తిచేసే లోకం
ఆ పూట ఊరుకుంది.
నాలుగు.

తర్వాతి మూడూ అన్నానో లేదో నాకు గుర్తులేదు.

చప్పుడు ముందో పొగ ముందో,
చూసేసరికి కడ్డీ ఒక్కతే ఉంది.
తెల్లటి గీత, పోనుపోను తూర్పుకు వంగి.
పాకం మాడిన వాసన.
మునివెంకటప్ప తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు,
ఎవరో పెద్దమనిషి ఎదురైనట్టు.

పైన గొడుగు గుడ్డ సగమే విచ్చుకుంది.
నీలగిరి తోపులో పడింది.
గంటన్నర వెతికాం.
మొన విరిగింది, రెక్క ఒకటి లేదు.
ఆకుల్లో గొంతుక్కూర్చుని చైత్ర ఏడుస్తోందనుకున్నాను.
దగ్గరికెళ్తే,
రెండోదానికి లెక్కలు గొణుక్కుంటోంది.

సోమవారం మళ్ళీ బుషులు.
అన్నం వేళ జేబులోంచి నాజిల్ తీసి కొలిచాను.
నిప్పు నాకిన చోట గొంతు అర మిల్లీమీటరు విప్పారింది.
ఎప్పుడూ మెసేజీ పెట్టేవాణ్ణి,
ఫోనే చేశాను.
"ఎ... ఎ..."
నిన్న నూనె రాసిన అంకే ఇవాళ తట్టుకుంది.
అవతల పెన్సిలు ఏ తొందరా లేకుండా
కాగితం మీద తడుతూ ఉంది.
"ఎనిమిదిన్నర."
రాసుకుంది.