డెబ్బయ్యైదో యూనిట్టు

ఇంక్రిమెంటు వద్దని అర్జీ పెట్టుకున్న మనిషిని
ఇరవై రెండేళ్ల సర్వీసులో
ఒక్కణ్నే చూశాను.

గొర్లె పోలినాయుడు, లైన్ ఇన్‌స్పెక్టరు.
ఫిబ్రవరి మొదటివారం, బొబ్బిలి డివిజనాఫీసులో
జీతాల సెక్షన్‌కి వచ్చి
రబ్బరు తొడుగులు చంకలో పెట్టుకుని
కాగితం నా బల్ల మీదికి జరిపాడు.
"నెలకి పదకొండొందల ఏభయ్యి పెరుగుతాదంట.
నాకొద్దమ్మా. స్లాబు మారిపోతాది.
పెరిగిందాంతోపాటు పాతది కూడా పట్టుకుపోతారు."

నవ్వొచ్చింది. పైకి కనపడలేదనే అనుకుంటున్నాను.
ఆ అర్జీనే వెనక్కి తిప్పి
మెట్లు గీశాను.
"ఇదిగో, రెండున్నర లక్షల దాకా ఏమీ లేదు.
ఆపై రెండున్నరకి నూటికి ఐదు.
ఐదు లక్షలు దాటితే ఇరవై.
కానీ దాటినదానికే, నాయుడూ,
కింద ఉన్నదాని జోలికి ఎవరూ రారు.
మోకాలిలోతు నీళ్లలో దిగితే
తల తడుస్తుందా?"

అతను నా మెట్లని చూశాడు,
స్తంభం ఎక్కేముందు
పైన తీగలు చూసుకున్నట్టు.
"మన కరెంటు బిల్లు అలగ లేదు కదమ్మా.
డెబ్బయ్యైదు దాటితే
మొదటి యూనిట్టు నుంచీ రేటు మార్సీసినాం కదేటి?
రామభద్రపురంలో ఆడోళ్లు
బిల్లు మొకమ్మీద ఇసిరికొడితే
ఏరుకున్నోణ్ని నాను.
మీరు మెట్లంతన్నారు.
నాను సూసింది గొయ్యి."

"అది కరెంటు, ఇది ఇన్‌కంటాక్సు" అన్నాను.
ఆ మాటకి అర్థం ఏమిటో
నన్నడిగితే చెప్పలేను.

సాయంత్రం ఫ్యాను కింద అతని ఫారం తీశాను.
పీఎఫ్ పోను, ఎల్లైసీ పోను,
స్టాండర్డ్ డిడక్షను పోను
ఐదు లక్షల రెండువేల నాలుగొందలు.

ఐదులోపు ఆగినవాడికి పన్ను మాఫీ.
దాటినవాడికి ఆ మాఫీయే లేదు.
రెండువేల నాలుగొందల మీద ఇరవై వంతున
నాలుగొందల ఎనభై, అంతే, నేను చెప్పినట్టే.
దాని వెనకాలే
ఇన్నాళ్లూ నిద్రపోతున్న పన్నెండువేల ఐదొందలు
లేచి కూచున్నాయి.
సెస్సు కలిపి పదమూడువేల ఐదొందలు.
అక్టోబరు నుంచి లెక్కేసినా
అతనికి పెరిగింది ఆరువేల తొమ్మిదొందలు.

కాలిక్యులేటరు మళ్లీ కొట్టాను.
బీకాంలో ఫస్ట్ క్లాసు నాది.
మళ్లీ కొట్టాను.

పొద్దున్నే ఫోన్ చేశాను.
"పోస్టాఫీసుకెళ్లి రెండున్నరవేలకి
సేవింగ్స్ సర్టిఫికెట్టు కొను. రసీదు నాకియ్యి."
"అంత కడితే పదమూడువేలు ఆగిపోతాదా?"
"ఆగుతుంది."
అవతల కాసేపు గాలి.
ఏ స్తంభం మీదున్నాడో.
"మరి నిన్న మెట్లు గీసినారు?"
"గీశాను నాయుడూ.
అన్ని మెట్లూ సరిగ్గానే గీశాను.
ఒకదాని కింద చూడలేదు."
అతను నవ్వలేదు.
నవ్వితే బాగుండేది.

రసీదు కోసం నేనే వెళ్లాను, గొల్లపల్లి వైపు, అద్దె ఇల్లు.
దీపాలు పెట్టే వేళ దాటింది.
పక్కిళ్లలో టీవీలు, ఈ ఇంట్లో చీకటి.
గడప దగ్గర వీధిదీపం వెలుగులో
అతని భార్య ఈరమ్మ
కాళ్లతో మిషను తొక్కుతూ
ఎవరిదో జాకెట్టు కుడుతోంది.
"కరెంటు లేదా?"
"ఉందమ్మా. రేపు రీడింగు.
డెబ్బై నాలుగు తిరిగింది."

పోలినాయుడు రసీదు తెచ్చి
రెండు చేతులతో ఇచ్చాడు.
వచ్చే నెల నుంచి
చేతికి తొమ్మిదొందల చిల్లర ఎక్కువ వస్తుందన్నాను.
మిషనుకి మోటారు పెట్టిద్దామనుకున్నాడట,
ఆవిడ మోకాళ్లు అరిగిపోతున్నాయి.

ఈరమ్మ దారం తుంచింది పళ్లతో.
"మోటారెడితే
డెబ్బయ్యైదు దాటదేటి?"