పన్నెండు తలలు

మే నెల. పేపర్లు దిద్దడం అయిపోయినాక
ఎర్రపెన్ను తీసుకుని బ్రోచర్ల కట్ట ఇస్తారు.
మనిషికి పన్నెండు తలలు టార్గెట్.
మీటింగులో తలలనే అంటారు,
గొర్రెల సంతలో అన్నట్టు.

నాది భూగర్భ జలాల సబ్జెక్టు.
మూడు నెలల జీతం కూడా ప్రస్తుతం
అక్కడే ఉంది.

కూడేరు దాటినాక బస్సు దిగి
వాన కోసం పడుకున్న శెనక్కాయ చేల మధ్య నడిచాను.
బ్రోచరు అట్ట మీద ఒక కొలను, రెండు బాతులు.
మా క్యాంపస్‌లో ట్యాంకరు నీళ్ళు తప్ప చూసినోడు లేడు.
బాతులు ఏ దేశానివో.

ఎర్రిస్వామి ఇంట్లో మజ్జిగ ఇచ్చినారు.
గోడకు ఆనించి బోరు పైపులు.
నాలుగు చోట్ల వేసి నాలుగు చోట్లా దుమ్ము చూసి
అమ్ముదామంటే కొనేవాడు లేక మిగిలినవి.
"ఫీజు గవర్నమెంటు కడ్తాది" అన్నాను.
"ఎప్పుడు కడ్తాది?" అంది ఉలిగమ్మ.
కట్టేదాకా హాల్ టికెట్ ఆపుతారని
నేను చెప్పలేదు.
చెప్పాల్సింది.

"టౌన్‌లో గవర్నమెంటు కాలేజీ ఉండాది గదా?"
ఉంది. రాతి గోడలు, పెద్ద పేరు, కొన్ని సీట్లు.
"నాకు రాలేదు సార్" అని వాకిట్లోంచి గొంతు.
మా పసుపు బస్సు ఈ ఊరి మీదుగా పోతుందని చెప్పాను.
ముప్పై రెండు మంది ఆడపిల్లలు
పొద్దు గూకే లోపల ఇల్లు చేరతారు.
ఆ ఒక్కటీ చెప్పేటప్పుడు
నా గొంతు బ్రోచరుది కాదు.

భార్గవి. పదిహేడేళ్ళు.
బాతులను దాటి, హాస్టలు మంచాలను దాటి,
చివరి పేజీలో చీమలంత అక్షరాల్లో ఉన్న
ల్యాబుల జాబితా చదివింది.
"భూమిలో నీళ్ళు యాడుండాయో చూసే మిషను
నిజంగా ఉందా సార్ మీ తాన?"

ఉంది.
థర్మకోల్ మధ్య, సీలు కూడా తియ్యకుండా.
తనిఖీ కమిటీ వచ్చిన రోజు బల్ల ఎక్కి
వాళ్ళ కారు గేటు దాటగానే బీరువాలోకి దిగే
ఊరేగింపు విగ్రహం.
"ఉంది" అన్నాను.
నిజం చెప్పి సిగ్గుపడడం అదే మొదలు.

ఆమె నా పదకొండో తల.
పన్నెండోది దొరకనందుకు జీతంలో కోశారు.
ఇవ్వని జీతంలో ఎట్ల కోస్తారో
అది అకౌంట్స్ వాళ్ళ విద్య.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మళ్ళీ అడిగింది.
"ఆ మిషను, సార్?"
ఎవరినీ అడక్కుండా సీలు చింపాను.
లాన్‌లో నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి
తీగలు లాగుతుంటే
వాచ్‌మన్ పెన్నోబులేసు ఉరుక్కుంటా వచ్చినాడు.
"గడ్డి పోతే నన్నంటారు సార్!"
(అన్నారు. నాకూ మెమో ఇచ్చారు,
నాలుగు రంధ్రాలని లెక్కపెట్టి మరీ.)

తిట్టడానికి వచ్చినోడు నిలబడి చూసినాడు.
ఈ నేల ఒకప్పుడు ఆయనది, ఏడెకరాలు.
ఇప్పుడు రాత్రిపూట
టార్చిలైటు పట్టుకుని దానికి కాపలా.
"ఆడ గాదు పాపా" అన్నాడు చాలాసేపటికి.
"జెండా కట్టె ఉండాది చూడు, ఆ తావున
మా నాయన బాయి తవ్వినాడు. ఎనిమిది మట్లు.
టెంకాయ నీళ్ళ మాదిరి ఉండేటివి.
జేసీబీతో పూడ్చినారు."

భార్గవి నా వైపు చూడలేదు.
మేకులు పీక్కుని అక్కడికి పోయింది.
ముల్లు కదిలింది.
"ఇది ఎక్కువా సార్, తక్కువా?"
పదకొండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.
బోర్డు మీద గీసిన ముల్లు తప్ప
ఈ ఎర్రమన్ను మీద కదిలిన ముల్లు నేనూ చూడలేదు.
"లెక్క వేద్దాం" అన్నాను.
గడ్డి మీద కూర్చున్నాం.

బెల్లు మోగింది. క్లాసులో ఎవరూ లేవలేదు.
పెన్నోబులేసు చెప్పులు ఇడిచి
జెండా కట్టెకు కొంచెం ఎడంగా నిలబడ్డాడు.
"ఇంగా ఉండాయా?" అన్నాడు
నన్ను కాదు, ఆ పిల్లను.

భార్గవి పెన్ను వెతుక్కుంటోంది.