రసమట్టం

పర్లాకిమిడిలో మూడ్రోజులుగా ముసురు.
గుడ్డ చెమ్మ పీల్చేసింది, బంతి ఈడుస్తోంది.
బురదలో పొడుస్తున్నట్టుందని
కటక్ నుంచొచ్చిన బిప్లబ్ ఒడియాలో విసుక్కున్నాడు.
నాకు ఒడియా రానట్టు నవ్వాను.

నాలుగు టేబుళ్లు. మూడు అద్దెవి, ఒకటి నాది.
చూడవచ్చినవాళ్లకి
పచ్చగుడ్డ, దాని మీద దీపం, రంగుల బంతులు.
నాకు కనపడేది గుడ్డ కింద
మూడు ముక్కల పలకరాయి,
ముక్కకీ ముక్కకీ మధ్య నేను కాచి పోసిన మైనం.
రాత్రి రెండింటికి
టార్చి నోట కరిచి బోర్లా పడుకుని
రసమట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా
కాలు కింద కాయితం మడిచి దూరుస్తాను.
ఒక మడత ఎక్కువైతే బుడగ అటు,
ఒక మడత తీస్తే ఇటు.
చంటిపిల్లలాంటిది.
నిద్రపోయిందనుకున్నప్పుడే కళ్లు తెరుస్తుంది.

అరవైనాలుగు మందని పోస్టర్లో వేశాను.
వచ్చింది నలభై ఒక్కరు.
నలభై ఒకటిని ఏ గీతల్లో ఇమిడ్చినా
ఎవడో ఒకడు ఆడకుండా గెలుస్తాడు,
ఇంకొకడు నామీద అరుస్తాడు.
నాలుగు చార్టులు చింపి
అయిదోది కూర్మారావు చేత రాయించాను.
వాడి చేతిరాత ముత్యాలే,
పేర్లే తప్పులు.

కళ్యాణమండపం వాడు శనివారం సాయంత్రం
ఎవరిదో నిశ్చితార్థానికి కూడా ఇచ్చేశాడు.
ఇటు భోజనాల హాల్లో క్వార్టర్ ఫైనల్,
అటు మండపంలో మేళం.
సన్నాయి ఎత్తుకున్నప్పుడల్లా
గురిపెట్టిన చెయ్యి ఉలిక్కిపడేది.
పెళ్లికొడుకు తండ్రిని బతిమాలితే
"మా పిల్లడి శుభకార్యం కన్నా మీ గోలీలాట ఎక్కువేటి?" అన్నాడు.
తరవాత లడ్డూలు పంపాడు,
సరిగ్గా నలభై ఒకటి.
నాకు లేదు.

ఆదివారం, సెమీస్ మధ్యలో కరెంటు పోయింది.
జనరేటరుంది, డీజిలు లేదు.
డీజిలొచ్చేసరికి తిప్పే కుర్రాడు ఇంటికెళ్లిపోయాడు.
ఎక్కడి బంతులు అక్కడే ఉంటాయని
నాచేత ఒట్టేయించుకున్నారు ఇద్దరూ.
చీకట్లో టేబులు మీదకి వొంగి
గుడ్లు పొదిగే కోడిలా
ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కాపలా కాశాను.

ఇంక బహుమతి డబ్బు.
లక్షన్నర ఇస్తానన్న గ్రానైటు సాహు గారు
శుక్రవారం నుంచీ ఫోను ఎత్తడం లేదు.
ఈ ముక్క నాకూ, గుణుపురం త్రినాథ పాత్రోకీ తప్ప
ఈ హాల్లో ఎవరికీ తెలీదు.
పాత్రో నా టేబులు కొన్నాడు.
ఇదే, ఫైనలాడుతున్నదే.
బయట వానలో అతని వ్యాను.
అందులో నలుగురు కూలీలు, తాళ్లు, టార్పాలిను.
తొమ్మిదికి విప్పేయాలని మాట.

తొమ్మిదిన్నర.
పదీ పది.
డిల్లేశు, నరసన్నపేట వెల్డింగు షాపు కుర్రాడు,
అయిదు గేములు వెనకబడ్డవాడు
ఒక్కొక్కటే లాక్కుంటున్నాడు.
పాత్రో గడియారం చూసుకోవడం మానేశాడు.
కూలీలు చెప్పులు విప్పేసి గోడవార చేరారు.
ఆఖరి గేములో తొమ్మిదో బంతి
మూలగుంట వైపు దొర్లుతూ, తడిగుడ్డ మీద
దారి మర్చిపోయినదానిలా నెమ్మదించింది.
నేను బంతిని చూళ్లేదు.
టేబులు కాలు చూశాను.
టక్కున పడిన చప్పుడు, ఆనక అరుపులు.
ఎవరు కొట్టారో
కూర్మారావుని అడగాల్సొచ్చింది.

డబ్బు లెక్కపెట్టి డిల్లేశు చేతిలో పెట్టాను.
వాడు మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. మంచి పని.
"వచ్చే ఏడు ఎప్పుడన్నా?"
జూలైలో వద్దులే, ముసురు, అన్నాను.

అర్ధరాత్రికి గుడ్డ ఒలిచాం.
మైనం పటుక్కున విరిగింది,
రాయి మూడు ముక్కలుగా విడిపోయింది.
నేలమీద నాలుగు కాళ్ల మచ్చలు,
పక్కనే నేను మడిచి దూర్చిన చార్టుముక్కలు.
ఒకదాని మీద డిల్లేశు పేరు,
ఢ ఒత్తుతో.

"అక్కడ నిలబెట్టేది నువ్వే కదా?" అన్నాడు పాత్రో.
కూలి ఎంతని అడగాలనుకున్నాను, అడగలేదు.
వ్యాను వెనక రాళ్ల పక్కన కూర్చున్నాను.
కాశీనగరం దాటాక అన్నీ గతుకులే.
జేబులోంచి రసమట్టం తీసి
ఎదురుగా వచ్చే లారీ వెలుగులో చూశాను.
బుడగ అటూ ఇటూ పరిగెడుతోంది.
పరిగెట్టనిచ్చాను.