భాగం నంబరు నూట పదిహేడు

ఇరవై ఒక్క ఏండ్లుగా ఈ లిస్టు నా సంచిలోనే తిరుగుతాంది.
ఒక అరలో అంగన్‌వాడీ గుడ్ల లెక్క,
ఒక అరలో తుమ్మలదొడ్డి ఓట్ల లెక్క.
గుడ్లయితే పగులుతాయని భయం.
ఓట్లు పగలవు. చెరిగిపోతాయి.

మొన్న పంచాయతీ బీరువా సర్దుతుంటే
మొదటి ఎలక్షను నాటి కట్ట దొరికింది.
చెదలు తిన్నంత తిని
మనకని వదిలిన పదకొండు కాగితాలు.
మగోళ్లకు పేరుంది, తండ్రి పేరుంది, వయసుంది.
ఆడోళ్ల వరసలో
"తిక్కయ్య పెండ్లాం"
"కౌలుట్లయ్య తల్లి"
"ఎల్లనాగన్న కోడలు, సుమారు ముప్పై".
అడిగితే వాళ్లే చెప్పలేదో,
చెప్తే కరణం కలంలో సిరా చాల్లేదో.

తిక్కయ్య పెండ్లాం మా జేజి.
సీటుకు ఇద్దరు, మనిషికి రెండు ఓట్లు ఉన్న కాలం.
గోడ పొడుగునా పెట్టెలు, పెట్టెకో గుర్తు.
రెండు కాగితాలు చేతిలో పెడితే
ఒకటి పెట్టెలో ఏసి
ఇంకోటి కొంగున ముడేసుకొని వచ్చిందంట,
"వాన పడనీ, అప్పుడు చూస్తాంలే" అని.

గెలిచినాయన మద్రాసుకు రైలెక్కినాడు.
రెండేండ్లు తిరక్కముందే
రాజధానే గుడారాలు మోసుకొని కర్నూలుకొచ్చింది.
జేజి సద్ది కట్టుకొని పోయి చూసొచ్చి చెప్పిందంట:
"పాపం, డేరాల్లో ఉండారు,
మన సుగ్గి గుడిసెల మాదిరే."
మూడేండ్లకు ఆ డేరాలూ ఎత్తేసినారు.
సుగ్గి అయిపోయినట్టుంది అన్నదంట జేజి.

గీతలు గీసేటోళ్లను నేనెప్పుడూ చూళ్లేదు.
ఒకసారి మా ఊరిని ఆదోని దిక్కు తోసినారు,
ఒకసారి పత్తికొండ దిక్కు.
మూడోసారి వంకను హద్దు చేసినారు.
ఈ గట్టున మేము,
ఆ గట్టున మా బొందలగడ్డ.
అంటే మా సచ్చిపోయినోళ్లకు
ఎమ్మెల్యే వేరే.
ఒకాయన గెలిచిన నాలుగో యేడు
వంక కాడ కారాపి డ్రైవర్ని అడిగినాడంట,
"ఈ ఊరు నాదేనా?"

పటంలో గీత మూడుసార్లు జరిగింది.
కాలవ కోసం పాతిన సర్వే రాయి మాత్రం
పాతిన కాడనే ఉంది.
గొర్రెలు వీపులు రుద్దీ రుద్దీ
దాని మీది నంబరు అరిగిపోయింది.

నవంబరులో లిస్టు సవరించమంటారు.
నవంబరులో ఊరు ఊర్లో ఉండదు.
తొమ్మిదొందల నలభై రెండు పేర్లు,
తలుపు కొడితే పలికేవి మున్నూరు.
తక్కినవన్నీ తాళాలు.
కొన్ని తాళాలకు పసుపు రాసి పోయినారు.

"ఇంట్లో లేకుంటే షిఫ్టెడ్ అని రాయమ్మా."
"వాళ్లు ఊరు మారలేదు సార్,
గుంటూరు పక్క పత్తి తీస్తాండారు,
ఉగాదికి వస్తారు."
"అట్ల రాసేదానికి గడి లేదమ్మా."

గడి లేదు.
ఓట్ల పండగ ముందురోజు రాత్రి
లారీలు మాత్రం తప్పకుండా పోతాయి.
ఏ చేను గట్టున ఏ గుడిసె,
ఏ గుడిసెలో ఎన్ని వేళ్లు,
లారీలకు అంతా తెలుసు.

ఈసారి నేనూ ఫోను పట్టుకొని కూర్చున్నా.
ఒక్కొక్క తాళానికీ ఒక్కొక్క ఫోను.
నిన్న పొద్దున
చేన్లో నుంచి మాట్లాడింది గోవిందు కూతురు,
పద్దెనిమిది నిండి పదకొండు దినాలు.
గాలి, అరుపులు, ఎవరిదో దగ్గు.
"పేరు చెప్పు పాపా."
"ఈరనాగమ్మ. సరిగ్గా రాయక్కా,
రేషన్ కార్డులో నాగమ్మ అని సగమే పడింది."
అక్షరం అక్షరం పలికిచ్చి రాసుకున్నా.
"తండ్రి పేరు?"
నవ్వింది.
"ఓటేసేది నేను కదక్కా, ఆయప్ప పేరెందుకు?"

ఏం చెప్పేది.
దానికి గడి ఉంది.

సాయంత్రం నాయన్ని అడిగినా,
జేజి పేరేంది అని.
బీడీ ఆరిపోయేదాకా ఆలోచించి
"అమ్మా అనే పిలుస్తాంటి" అన్నాడు.