రెండు గాలుల గది

పట్టుకి తడి కావాలి.
అందుకే మా తాత మగ్గాన్ని గుంటలోకి దింపాడు,
కాళ్ళ కింద మట్టి చెమ్మగా ఉండాలని.
వేసవిలో నేను గోనెపట్టా తడిపి కిటికీకి కడతాను.
ఆషాఢం నుంచి ఆ పని గోపాల్‌పూర్ సముద్రమే చేసిపెడుతుంది.
బరంపురం సాలెవీధిలో ఉప్పుజాడీ నీరుకారే రోజులు,
అగ్గిపుల్ల నాలుగోసారికిగానీ అంటుకోని రోజులు.
పోగు తెగదు. నాకు పండగ.

ఆ గదిలోకే మా బావమరిది త్రిలోచనుడు
గాజు పెట్టె మోసుకొచ్చాడు.
"సూరత్‌లో పవర్‌లూమ్ పని బావా, ఆరు నెలలు.
పన్నెండుమందికి ఒక గది. దీన్నెక్కడ పెట్టను?"
పెట్టెలో గడ్డం ఉన్న బల్లి.
దాని తాతలది ఆస్ట్రేలియా ఇసకట.
పక్కల ముళ్ళ వరస చూసి చౌడమ్మ నవ్వింది,
"మన చీరంచు కుంభం లేచి పాకుతోంది!"
కుంభం అనే పిలిచాం.

లోపల గోడకి గడియారంలాంటిది, ఒకటే ముల్లు.
నలభై దగ్గర ఎర్రగీత గీసి, ఇది దాటనివ్వకని
రైలెక్కాడు.
శ్రావణంలో ముల్లు ఎనభై రెండు.

నీళ్ళగిన్నె బయట పెట్టాను.
కొబ్బరిపొట్టు ఎత్తేసి పాత ఒడియా పేపరు పరిచాను.
గాజు మూత తీసి జాలీ బిగించాను.
చీరల కొట్టు సాహు దగ్గర
పెట్టెల అడుగున వేసే తెల్లగుళికల పొట్లాలు
సంచీడు అడిగి తెచ్చాను.
చీరకి లేని భోగం బల్లికా, అన్నాడు.
డెబ్భై. ఆపైన దిగనంది.

ఒక రాత్రి నోరు తెరిచే పడుకుంది.
ముక్కు దగ్గర బుడగ.
ఊపిరిలో నూనె లేని రాట్నం.
ఆవుల డాక్టరు పాణిగ్రాహి, ముట్టుకోడానికి జంకి,
స్టెతస్కోపు దూరం నుంచే ఆనించి
"ఓదా, ఓదా" అన్నాడు.
ఒడియాలో తడి అని.
ఇంకొక్క అక్షరం కలిపితే మనకి ఓదార్పు అవుతుందని
దారిలో చౌడమ్మతో అంటే
"ముందు ఫ్యాను కొను" అంది.

ప్లాస్టిక్ పట్టా కట్టి గదిని రెండు చేశాం.
అటు మగ్గం. ఇటు బల్బు, ఫ్యాను, పూటకో మందు చుక్క.
గాలికి సరిహద్దు ఏం తెలుసు?
ముల్లు నలభైకి దిగిన రోజల్లా
నా పడుగు పెళుసెక్కి
బారెడు నేసేలోపు మూడు ముళ్ళు వేసేవాణ్ణి.

భాద్రపదంలో వాయుగుండం పట్టింది.
కరెంటు పోయింది, బల్బు చల్లారింది.
కుంభాన్ని బనీను లోపల పెట్టుకుని గోడకి ఆనుకున్నాను.
ముళ్ళు గుచ్చుకోలేదు. గరుకుగా, చీర వెనకవైపులా ఉన్నాయి.
లాంతరుంది. సాహు చీర గడువు ఎల్లుండి.
పట్టుకి అంత మంచి గాలి ఏడాదికోసారి రాదు.
పడుగు వెన్నలా మెత్తబడి ఎదురుచూస్తోంది.
లేవలేదు.

పొట్ట మీద దాని ఊపిరి లెక్కపెడుతుంటే
సూరత్‌లో, ఆ పన్నెండుమంది గదిలో
ముల్లు ఎక్కడుందో
త్రిలోచనుణ్ణి ఒక్కసారీ అడగలేదని
తెల్లారేదాకా గుర్తొస్తూనే ఉంది.