ఎరుందీనా ఆడపడుచులు

ఇక్కడ చలికాలం కొరకదు, నానబెడుతుంది.
నవంబరులో పట్టిన ముసురు
గలీసియా కొండల మీద ఇంకా కూర్చునే ఉంది,
పొమ్మనలేని చుట్టంలా.
గడ్డకట్టిన నీళ్ళు ఒక్క పొద్దున కూడా చూళ్ళేదు.
చూసిందంతా బూజు:
బూట్లలో, రొట్టెలో, మొక్కజొన్న బస్తా అడుగున.

తుంటి విరిగి వీగో ఆసుపత్రికి పోతూ
పక్కింటి ఎరుందీనా
కోళ్ళ గూటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.
ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపినవాణ్ణి,
కోడిని గిన్నెలో తప్ప ఎరగను.
అయిదు పెట్టలు.
అయిదింటికీ తన ఆడపడుచుల పేర్లే.
పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళనొక్క మాట అనలేక
ఇప్పుడు తీరిగ్గా అంటోందట.

"ఒబ్దూలియా, పక్కకు జరుగు.
రామోనా, నీ తిండి తగలెయ్య."
పది రోజులు తిరిగేసరికి నాదీ అదే బాణీ.

గూటి ముందు బురదకు పైన్ బెరడు పోశాను.
మూడు బస్తాలు మింగి నేల మళ్ళీ నోరు తెరిచింది.
రేవులో అడుక్కొచ్చిన ఆల్చిప్పలు
పొయ్యిలో కాల్చి సుత్తితో నలగ్గొట్టాను,
గుడ్డు పెంకు గట్టిపడుతుందంటే.
గుడ్డుంటే కదా.
డిసెంబరంతా గడ్డిలో నా చేతికి తగిలినవి
వెచ్చటి గుంటలే.
"పగలు కురచయితే పెట్టవు," అంది ఫోనులో.
"దీపం పెట్టి లేపకు, పడుకోనీ.
నాకూ ఇక్కడ అదే చెప్పారు."

ఈకలు రాల్చడానికి పురాకు ఈ వానే దొరికింది.
కుట్లు ఊడిన దిండులా తిరుగుతోంది,
గోడ పక్క కామెల్లియా కూడా ఎర్రెర్రగా రాలుతోంది,
ఊడ్చేవాణ్ణి నేనొక్కణ్ణే.

జనవరి పదకొండున వాన కాస్త తెరిపిచ్చింది.
ఆ తెరిపి కోసం కాచుకున్నది
నేనొక్కణ్ణే కాదు.
డేగ.
నేను పార అందుకునేలోపు
అయిదింట్లోనూ చిన్నది, పిడికెడు పిట్ట, క్లోతిల్దేను
తన్నుకుపోయింది.

సాయంత్రం ఫోను. "అందరూ బావున్నారా?"
"బావున్నారు."
"క్లోతిల్దే?"
"అలిగింది," అన్నాను.
"పుట్టుకే అంత," అని నవ్వింది.

ఆదివారం అసలు క్లోతిల్దే వచ్చింది.
ఎనభై మూడేళ్ళ ఆడపడుచు,
కోటు జేబుల నిండా ఎండు రొట్టె ముక్కలు.
కంచె దగ్గర నిలబడి విసురుతూ
"వీటికి పేర్లున్నాయా?" అంది.
లేవన్నాను.
ఆమె గొడుగు అంచు నుంచి నీళ్ళు
నా మెడలోకి కారుతున్నాయి.
జరగలేదు నేను.

ఫిబ్రవరి. చేతికర్రతో ఎరుందీనా.
గేటు దగ్గరే ఆగి లెక్కపెట్టింది,
పైకి అనకుండా, పెదవులతో.
నాలుగు దగ్గర పెదవులు ఆగాయి.
నా వైపు చూడలేదు.
"క్లోతిల్దే ఎప్పుడూ అంతే.
వెళ్ళొస్తానని చెప్పదు."

తర్వాత మూలనున్న గడ్డిని కర్రతో కదిపి
"వంగు," అంది నన్ను.
వంగాను.
మట్టి అంటిన గుడ్డు ఒకటి.
"ఎవరిదీ?"

రామోనా అటు తిరిగి
తింటూనే ఉంది.